ఆరో గడి

"తాడు తీసి ఉక్కు చైను ఏసుకోమంటే తల తీసిమ్మన్నట్ల మాట్లాడ్తాండారే ఇద్దరూ!" ధనుంజయ ఈ మాట అనడం అది మూడోసారి.

"కట్టినోడివి నువ్వే, తియ్యమనేదీ నువ్వే," అంది వాళ్ళమ్మ రామక్క. వంటింటి గడప దగ్గర కూర్చుని రాగులు చెరుగుతోంది. మాటకొకసారి చాట ఎత్తి కొడుతోంది. "పెండ్లినాడు ఆ కంపెనీవాళ్ళే వచ్చి కట్టినారేమో, పోయి అడుగు."

"నేను తియ్యమన్లేదమ్మా. బోర్డు మీద పెట్టినారు. సోమవారం నుంచి ఫినిషింగులో ఆడోళ్ళు ఎవురూ పసుపుతాడుతో రాగూడదు, కాళ్ళకు పసుపు పూసుకోగూడదు. తెల్ల చొక్కాలు గదా. మరకలు పడతాండాయి."

"మగోళ్ళు తలనిండా నూనె పెట్టుకోనొస్తారే, ఆ మరక పడదా?"

"నాకు వెంట్రుకలే లేవు, నూనె యాడ పెట్టుకునేది?" ధనుంజయ తన బట్టతల నిమురుకున్నాడు. కూతురు వసుధ పుస్తకంలోంచి తలెత్తకుండానే కిసుక్కున నవ్వింది.

పెరట్లో ఉతికే బండ దగ్గర అతని భార్య హేమావతికి ఇదంతా వినబడుతూనే ఉంది. ఆమె క్యారియరు అడుగు గిన్నె తెరిచి అందులోంచి ఒక తెల్ల గుడ్డ ముక్క తీసింది. చొక్కా చేతిమడత అది. చించి పారెయ్యడానికి పక్కన పడేసిన చొక్కా నుంచి కత్తిరించి, గేటు దగ్గర సంచులు తడిమే మనిషి కంట పడకుండా తెచ్చింది. పదకొండేళ్ళుగా హిందూపురంలో ఆ గార్మెంట్స్ కంపెనీలో పని చేస్తున్నా, దారం పోగు కూడా ఇంటికి తెచ్చిన మనిషి కాదు.

భార్యాభర్తలిద్దరిదీ అదే కంపెనీ. ధనుంజయ బాయిలరు చూస్తాడు. ఆ ఆవిరితోనే ఇస్త్రీ బల్లలు నడుస్తాయి. ఇస్త్రీ అయి వచ్చిన చొక్కాలను ట్యూబులైటు కింద పరిచి చూడటం హేమావతి పని. కాలరు, గుండీలు, చేతిమడతలు, అంచు. ఒక్కో చొక్కాకు నలభై సెకండ్లు.

గురువారం నాడు ఆమె ముప్పైరెండు చొక్కాలు పక్కన పెట్టింది. అన్నీ సోమవారం ఇస్త్రీ అయినవే. అన్నిటి మీదా మిరపగింజంత పసుప్పచ్చ మరకలు. చీటీలు చూస్తే అన్నీ ఆరో బల్లవి. కట్ట కట్టి, పైన 'ఆరో బల్ల' అని రాసింది. మేనేజరు ఫణి ఆ కట్ట పట్టుకుని ఆరో బల్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఇస్త్రీ చేసే నల్లమ్మ మెడలో కొత్తగా మార్చుకున్న పసుపుతాడు చెమటకు తడిసి మెరుస్తోంది. ఫణి చొక్కా చూశాడు, తాడు చూశాడు. విచారణ అంతటితో అయిపోయింది. ఈరోజు, శుక్రవారం పొద్దున, నల్లమ్మను గేటు దగ్గరే ఆపేశారు.

ఆ చీటీ రాసిన చేతులు తనవి. నిన్నటి నుంచీ హేమావతికి అన్నం సయించడం లేదు.

"అత్తా, రోంత పసుపియ్యి," అంది.

రామక్క చాట పక్కన పెట్టి, పసుపు డబ్బాతో సహా లేచి వచ్చింది. హేమావతి పాత తెల్ల గుడ్డ మీద పసుపు అద్ది, తడిపి, సబ్బు రుద్దింది. రుద్దగానే పసుపు ఎర్రబారింది. తర్వాత చేతిమడత తడిపి, మరక మీద అదే సబ్బు రుద్దింది. మరక మరకగానే ఉంది.

రామక్క వంగి చూసింది. "ఇది పసుపు గాదే. పసుపైతే సబ్బు తగిల్తానే కుంకుమ మాదిరి అయితాది. ఈ మాత్రం తెలీనోళ్ళు ఎవురు?"

"మా మేనేజరు."

"ఆయప్ప ఎప్పుడూ గుడ్డలుతకలేదా?"

"ఉతికింటే ఈ పొద్దు నల్లమ్మ పనిలో ఉండేది."

రామక్క లోపలికి వెళ్ళి నిమ్మచెక్క, ఉప్పు తెచ్చింది. చెప్పించుకోకుండా తనే కూర్చుని మరక మీద రుద్దింది. కాసేపటికి మరక పలచబడి, చుట్టూ లేత గోధుమరంగు గీత ఒకటి మిగిలింది.

"తుప్పు," అంది ముసలామె. "ఇనప బకెట్టు అడుగున చుట్టిన చీరకు పడే మరక ఇదే."

ధనుంజయ ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సాయంత్రం నుంచీ ఒక్క మాటకూ తగ్గని మనిషి ఆ గుడ్డ ముక్క చూస్తూనే వెనక్కి తిరిగాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

*

పెద్ద తప్పు జరిగినప్పుడు కంపెనీలో ఒక కాగితం నింపుతారు. అందరూ 'వై వై కాగితం' అంటారు. దాంట్లో ఐదు గళ్ళు ఉంటాయి. తప్పు ఎందుకు జరిగింది? మొదటి గడిలో జవాబు రాయాలి. ఆ జవాబుకు మళ్ళీ ఎందుకు? రెండో గడి. అలా అడుగుతూ ఐదో గడికి వచ్చేసరికి తప్పు మొదలైన చోటు దొరుకుతుందని రెండేళ్ళ కింద బెంగళూరు నుంచి వచ్చినాయన బోర్డు మీద గీసి చెప్పాడు. ఆ రోజు హేమావతికి ఆ పద్ధతి బాగా నచ్చింది. గిన్నె పగలగొట్టి పిల్లి తోసిందని చెప్పే పిల్లను తల్లి అడిగే పద్ధతే కదా.

శనివారం మధ్యాహ్నం క్యారియరు విప్పకుండా ఆమె ఆ ఫైలు ముందేసుకుని కూర్చుంది. పైన నల్లమ్మ కాగితం. మరకలు ఎందుకు? పసుపు అంటింది. ఎందుకు అంటింది? ఇస్త్రీ మనిషి మెడలో పసుపుతాడు. ఎందుకు వేసుకుంది? రూలు పాటించలేదు (ఆ రూలు బోర్డు మీదికి ఎక్కింది నిన్ననే). ఎందుకు పాటించలేదు? శ్రద్ధ లేదు. ఐదో గడిలో ఒకటే మాట: నల్లమ్మ.

కింది కాగితాలు తిప్పింది. పద్నాలుగు ఉన్నాయి. గుండీ ఊడిందని ఒకటి, కాలరు వంకరని ఒకటి, సైజు చీటీ మారిందని ఒకటి. ఏ కాగితం చూసినా ఆఖరి గడిలో ఒక ఆడమనిషి పేరు, పక్కన 'అజాగ్రత్త'. తొమ్మిదింటి కింద చెకింగు తరఫున సంతకం తనదే.

ఫైలు మూసి తప్పుల రిజిస్టరు తీసింది. ఒక అట్టపెట్టె మూత చింపి, వెనకవైపు స్కేలుతో గీతలు కొట్టింది. అడ్డంగా తేదీలు, నిలువుగా బల్లలు. జనవరి నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ, మరక అని రాసిన చోటల్లా, ఆ చొక్కా ఇస్త్రీ అయిన రోజు చూసి చుక్క పెట్టింది. ఆగస్టు దాటేసరికి కంటికి ఆనింది. చుక్కలు అట్ట నిండా చల్లినట్టు లేవు, ఒకచోట ముసురుకున్నాయి. ఆరో బల్ల దగ్గర గుంపు, ఐదో బల్ల దగ్గర కొన్ని. సోమవారాలు, పండగ సెలవుల మర్నాళ్ళు తప్ప మిగతా రోజుల్లో ఒకటో రెండో.

ఆగస్టు రెండో సోమవారం మీద ఆమె వేలు ఆగింది. పంతొమ్మిది చుక్కలు. ఆ వారం నల్లమ్మ రానే లేదు. కనగానపల్లిలో కూతురి కాన్పుకు వెళ్ళింది. ఆరో బల్ల మీద ఎవరు చేశారో చూసి, అట్ట చంకలో పెట్టుకుని లేచింది.

ఇస్త్రీ చేసే సాల్మన్ అన్నం తిని గోడకు ఆనుకుని సెల్లు చూసుకుంటున్నాడు.

"ఏమబ్బా సాల్మన్, శ్రావణమాసంలో నీ మెడలో ఎవురన్నా తాళి కట్టిరా?"

సాల్మన్ ఉలిక్కిపడి మెడ తడుముకున్నాడు. "ఏందక్కా అది? మా ఇంట్లో ఆమెకే లేదు పసుపుతాడు. నాకు యాడిది?"

"మరి నువ్వు చేసిన పంతొమ్మిది చొక్కాల మీద మరకలు యాడివి?"

సాల్మన్ అట్ట చూశాడు. నవ్వు పోయింది. "ఆ సోమవారమా? ఇస్త్రీపెట్టె దగ్గి దగ్గి ఉమ్మిందక్కా. సెలవు మర్నాడు అదెప్పుడూ అంతే. ముందు సంచిగుడ్డ మీద నాలుగు మాట్లు ఉమ్మించి మొదలుపెడతాం. ఆ పొద్దు బిర్నా బిర్నా అని తరుముతాంటే మొదలుపెట్టేసినా. ఉత్త నీళ్ళే గదా, ఆరిపోతాయి అనుకుంటి."

"ఆ సంచిగుడ్డ యాడుంది?"

సాల్మన్ బల్ల కింద నుంచి తీసిచ్చాడు. గుడ్డంతా గోధుమరంగు మచ్చలు.

అట్ట, గుడ్డ రెండూ పట్టుకుని హేమావతి ఫణి గదికి వెళ్ళింది. అతను ఫోను చెవి నుంచి తియ్యకుండానే కూర్చోమని సైగ చేశాడు. ముప్పై దాటని వయసు. నవ్వితే మంచివాడిలాగే ఉంటాడు.

"హేమావతి గారూ, మంగళవారం పది గంటలకు బయ్యర్ వాళ్ళు వస్తున్నారు," అన్నాడు ఫోను పెట్టేసి. "నాకు ఈ కేసు క్లోజ్ అయి ఉండాలి. మళ్ళీ ఇదంతా ఎందుకు చెప్పండి?"

"అది పసుపు కాదు సార్."

"సోమవారం మాట్లాడదాం. ఎలాగూ ఆ కాగితం మీద మీ సంతకం కావాలి నాకు."

*

ఆదివారం పొద్దుటి బండికి ఆమె ధర్మవరం వెళ్ళింది. నాయన కదిరప్ప పట్టుకు రంగులు వేస్తాడు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా బాన దగ్గర ఇంకొకరిని నిలబడనివ్వడు. కూతురిని చూసి, "కూర్చోమ్మా," అన్నాడే గానీ చెయ్యి ఆపలేదు. కర్రకు వేలాడే పట్టుదారాల చిలపను ముంచి, తిప్పి, ఎత్తి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ ముంచాడు. మోచేతుల దాకా వంకాయరంగు.

ఆమె గుడ్డ చూపించి, జరిగింది చెప్పింది. ఆయన చిలప ఆరేసి, చేతులు కడుక్కుని, గుడ్డ తీసుకుని వాసన చూశాడు.

"ముందు ఎవుర్ని అడిగినారు?"

"నల్లమ్మని."

"తప్పు. రంగు చెడితే ముందు నీళ్ళనడగాల. బోరు నీళ్ళా, ట్యాంకరు నీళ్ళా, నిలవ నీళ్ళా. తరువాత బానను. ఆ తరువాత మంటను, పట్టును, రంగుపొడిని. వీటన్నిటినీ అడిగినాక ఆఖర్న చేతినడగాల."

"చేతిని ముందే అడిగితే ఏమైతాది నాయనా?"

"చెయ్యి ఒప్పుకుంటాది. దానికి బయం గదా." ఆయన గుడ్డ మడిచి ఆమె చేతికిచ్చాడు. "అది ఒప్పుకునిందని మనం ఆడికే ఆగిపోతాం. మర్నాడు మళ్ళా రంగు చెడుతుంది."

బాన వైపు చూపించాడు. "రెండ్రోజులు బాన ముట్టకపోతే, అడుగున నిలిచిన నీళ్ళలో పట్టు ముంచుతానా నేను? తొలి నీళ్ళు పారబోస్తా. మీ పైపుల్లో ఆదివారమంతా నీళ్ళు నిలిచింటాయి గదా. ఆడ తొలి నీళ్ళు పారబోసేది ఎవురు?"

హేమావతి గుడ్డ సంచిలో పెట్టుకుంది. ఆ పని ఎవరిదో ఆమెకు తెలుసు. శుక్రవారం సాయంత్రం నిమ్మచెక్క చూసి వీధిలోకి వెళ్ళిపోయిన మనిషిది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగింది. నల్లమ్మ ఇల్లు స్టేషనుకు దగ్గరే. నల్లమ్మ ఆమెను చూస్తూనే చాప పరిచి, చెంబుతో నీళ్ళిచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. మెడలో నల్లదారం. తాళిబొట్టు ఆ దారానికి గుచ్చి, జాకెట్టు లోపలికి తోసుకుంది. వంగినప్పుడు కొంగు జారితే గబుక్కున సర్దుకుంది, ఒంటి మీద గుడ్డ లేనంత కంగారుగా.

"తీసేసినానక్కా. ఇంగ రానిస్తారు గదా?"

నల్లమ్మ లోపలికి వెళ్ళి తెల్ల కాగితం, పెన్ను తెచ్చింది.

"తప్పు నాదే, నా పసుపుతోనే మరకలు పడినాయి, ఇంగ చెయ్యను అని రాసిస్తే మళ్ళా తీసుకుంటామని ఫోను చేసినారు. నాకు సంతకమొక్కటే వచ్చు. నువ్వు రాయక్కా. నీ రాత ముత్యాల మాదిరి ఉంటాది."

హేమావతి పెన్ను తీసుకుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుంది. మళ్ళీ పెన్నుకు మూత పెట్టేసింది.

"రాయను."

"ఏం?"

"నువ్వు చెయ్యలేదు గనుక."

"చేసినానో లేదో ఎవురికి కావాలక్కా!" నల్లమ్మ గొంతు పెరిగింది. "నీకేం, నీకు పని ఉండాది. మొగుడికీ పని ఉండాది. నాకు ఈ వయసులో ఇంగ యాడ ఇస్తారు? నువ్వు రాయకుంటే పక్కింటి పిల్లోని చేత రాయించుకుంటా."

"రెండు రోజులు ఆగు. అప్పటికీ కాకుంటే ఎవురి చేతన్నా రాయించుకో. కానీ నేను మాత్రం రాయను."

నల్లమ్మ కాగితం లాక్కోలేదు. తలుపు దాకా సాగనంపనూ లేదు.

*

ఇంటికొచ్చేసరికి ధనుంజయ వసారాలో మిక్సీ విప్పి కూర్చున్నాడు. మరలు వరసగా పేపరు మీద పెట్టాడు. హేమావతి చెప్పులు విడిచి ఎదురుగా కూర్చుంది.

"ఇస్త్రీపెట్టెలోంచి తుప్పునీళ్ళు ఎందుకొస్తాండాయి?"

అతను తలెత్తలేదు. "పైపులో నిలిచింటాయి గాబట్టి. ఆవిరి చల్లారితే నీళ్ళయితాది. లైను కొసన చేరుతాది. ఆరో బల్ల కొసనే గదా."

"ఆ నీళ్ళు పొద్దున ఎందుకు తియ్యల్యా?"

స్క్రూడ్రైవరు ఆగింది. "టైము లే."

"ముందు ఉండె గదా టైము?"

"ముందు ఆరున్నరకి పోతాంటి. బాయిలరు పెట్టి, లైను కొసన వాల్వు తెరిచి, నీళ్ళన్నీ పోయేదాకా అరగంట వదిలేస్తాంటి. ఉగాది అయినాక ఎనిమిదికి రమ్మన్నారు. ఎనిమిదిన్నరకు బల్లలకు ఆవిరి కావాల. యాడ వదిలేది?"

హేమావతికి గుర్తొచ్చింది. ఉగాది తర్వాత అతను పొద్దున ఇంట్లోనే తిని వెళ్తున్నాడని, నిద్ర చాలుతోందని తను ఎంతో సంతోషపడింది. లేచి సంచిలోంచి అట్ట తీసింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఖాళీ. ఉగాదికి ముందు ఒక్క చుక్క లేదు.

"ఎవురు రమ్మన్నారు ఎనిమిదికి?"

"అది అడగొద్దు." అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు రాయబొయ్యే కాగితంలో మూడో గడిలో వచ్చేది నా పేరే. వాళ్ళు ఆడికే ఆపుతారు."

"నేను ఆపను."

"కాగితం నీదా, వాళ్ళదా?"

రామక్క లోపలి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఊరోళ్ళ ఆమెకోసం నా కొడుకు నోట్లో మన్ను కొడతావా? తుప్పని చెప్పింది నేనేగా. నా నోరు పడిపోను. చాలించు ఇంగ."

హేమావతి మామూలుగా అత్తకు ఎదురు చెప్పదు. "మన్ను కొట్టేది నేను కాదత్తా," అని మాత్రం అంది. ఆ సాయంత్రం మిక్సీ తిరిగి బిగించలేదు. పచ్చడి రోట్లో నూరారు.

*

సోమవారం ఎనిమిదీ ఇరవైకి ఆమె ఆరో బల్ల దగ్గర నిలబడింది. పాత దుప్పటి ముక్క తెల్లటిది ఒకటి బల్ల మీద పరిచింది. ఆవిరి రాగానే సాల్మన్ చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసుకుని గుడ్డ మీద పెట్టి మీట నొక్కింది. పెట్టె రెండుసార్లు దగ్గింది. పసుప్పచ్చటి నీళ్ళు చిమ్మాయి. గుడ్డ మార్చి ఒకటో బల్ల దగ్గర నొక్కింది, తెల్లగానే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. పదకొండు మంది పసుపుతాళ్ళు తీసేసి వచ్చారు. ఒకామె గుడ్డ చూసి, మెడలో ఉక్కు చైను చూసుకుని, దాన్ని దవడ దాకా ఎత్తి వదిలేసింది.

ఫణి ఆ గుడ్డ చూశాడు. మొండివాడు కాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. గదిలోకి పిలిచి కొత్త కాగితం తీశాడు.

"నిజమే హేమావతి గారూ. మీరు చేసింది చాలా మంచి పని. నల్లమ్మను రేపే రమ్మందాం. బోర్డు మీద ఆర్డరు తీయించేస్తాను." మాట్లాడుతూనే గబగబా గళ్ళు నింపాడు. మరకలు ఎందుకు? తుప్పునీళ్ళు. అవి ఎందుకు వచ్చాయి? పైపులో నిలిచాయి. ఎందుకు నిలిచాయి? వాల్వు తెరవలేదు. ఎందుకు తెరవలేదు? బాయిలరు ఆపరేటరు తన పని చేయలేదు. ఐదో గడి దగ్గర కాస్త ఆగి, రాశాడు: నిర్లక్ష్యం.

కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఇక్కడ సంతకం."

"ఆయన ఎందుకు చెయ్యలేదు సార్?"

"అదే, రాశాను కదా."

"అది తిట్టు సార్. కారణం కాదు. ఎందుకు చెయ్యలేదు?"

"గళ్ళు అయిపోయాయండీ," అన్నాడు ఫణి. నిజంగానే అన్నాడు, వేళాకోళానికి కాదు.

హేమావతి బల్ల మీద స్కేలు తీసుకుంది. ఐదో గడి కింద, ఎడం వదలకుండా, అదే కొలతతో ఇంకో గడి గీసింది.

ఫణి ఆ ఖాళీ గడిని చూశాడు. లేచి తలుపు దగ్గరికేసి వచ్చాడు. "షిఫ్టు టైము మార్చిన కాగితం మీద నా సంతకం ఉంది. పైనుంచి చెప్పారు, చేశాను. రేపు వచ్చేవాళ్ళ ముందు ఈ గడి ఉంటే నా ఉద్యోగం ఉండదు. ఒకటి చేద్దాం. ఐదు గళ్ళ మీద సంతకం పెట్టండి. నల్లమ్మ వస్తుంది. మీ ఆయనకు మెమో ఇచ్చి వదిలేస్తాను, అంతకు మించి ఏమీ ఉండదు. పెట్టనంటే, మీ సంతకం లేకుండానే పాత కాగితం ఖాయం. రేపు తొమ్మిదింటి దాకా టైము. ఆలోచించుకోండి."

ఆమె కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని బయటికి వచ్చింది. సాయంత్రం దాకా నాలుగు వందల చొక్కాలు చూసింది. కాలరు, గుండీలు, చేతిమడతలు, అంచు.

*

ఆ సాయంత్రం ధనుంజయ ఆమెకంటే గంట ఆలస్యంగా వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే వసారాలో కూర్చుని, "మెమో ఇస్తాడంటనే?" అన్నాడు.

"ఎవురు చెప్పినారు?"

"పిలిచి ఆయప్పే చెప్పినాడు. నీకు నచ్చచెప్పమన్నాడు."

"చెప్పు మల్ల."

అతను జేబులోంచి సెల్లు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ముందు ఇది చూడు."

బాయిలరు పుస్తకం ఫోటోలు. ఒత్తిడి ఎంత, నీళ్ళెంత, ఎన్నింటికి వెలిగించారు, అన్నీ రోజూ రాయాల్సిన పుస్తకం. హేమావతి వేలితో పెద్దది చేసి చూసింది. ఒక సోమవారం పేజీ. అంకెల కింద ధనుంజయ కోడిగీతల రాత: 'లైను వాల్వు తెరవలేదు. టైము లేదు.' దాని కింద ఫణి పొట్టి సంతకం. ఇంకో ఫోటో, ఇంకో సోమవారం, అవే మాటలు, అదే సంతకం. తిప్పుతూనే ఉంది.

"ఇరవై మూడు," అన్నాడు ధనుంజయ. "ఉగాది అయినాక ప్రతి సోమవారం రాసినా. ఆయప్ప చదవకుండా గీకేస్తాంటాడు."

హేమావతి సెల్లు మీద నుంచి తలెత్తింది. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితివా? నీళ్ళు ఎందుకు తియ్యల్యా అంటివి, ఎవురు రమ్మన్నారు అంటివి. నేనేం చేస్తినో అడగలేదు. ఏమీ చేసుండనులే అనుకుంటివి."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది హేమావతికి. నల్లమ్మ విషయంలో ఫణి ఎక్కడ ఆగాడో, తన మొగుడి విషయంలో తనూ సరిగ్గా అక్కడే ఆగింది. ఆమె తల వంచుకుని, సెల్లు చీకటైపోతే మళ్ళీ వెలిగించి, మొదటి ఫోటో నుంచి ఇరవై మూడూ ఒక్కొక్కటిగా చదివింది.

"తప్పు నాది," అంది చివరికి.

"సరేలే. బువ్వ పెట్టు."

ఆమె వెంటనే లేవలేదు. వసుధను పిలిచి రికార్డు పుస్తకంలోంచి తెల్ల కాగితం, స్కేలు అడిగింది. ఆరు గళ్ళు గీసింది. పైనుంచి కింది దాకా తన ముత్యాల రాతతో నింపింది. నాలుగో గడిలో, ఎనిమిదికి రమ్మన్నందుకు టైము లేక వాల్వు తెరవలేదని రాసింది. ఐదో గడిలో, ధనుంజయ చెబితే, షిఫ్టు టైము మార్చిన ఆర్డరు తేదీ. ఆరో గడిలో, ఇరవై మూడు సోమవారాలు ఆపరేటరు రాసినది ఎవరూ చదవలేదని రాసి, ఆ తేదీలన్నీ వరసగా వేసింది. కింద సంతకం పెట్టి కాగితం ధనుంజయ వైపు తోసింది. అతను వేళ్ళు తొడకు తుడుచుకుని, పెన్ను గట్టిగా పట్టుకుని, తన పేరు పూర్తిగా రాశాడు.

రామక్క తలుపు దగ్గర నుంచి అంతా చూసింది. లోపలికి వెళ్ళి నాలుగు కంచాలు వరసగా పెట్టింది.

హేమావతి అందరికీ సంగటి ముద్దలు పెట్టి, పప్పు వడ్డించి, తను కూడా కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద తుంచి, తినకుండా చేతిలోనే పట్టుకుని, ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడకుండా, రేపు ఏ కూర చెయ్యాలో చెప్పినట్టుగా చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి నేనిచ్చే కాగితం ఇదే. ఐదు గళ్ళది ఇయ్యను. పొద్దున బండికి నల్లమ్మను రమ్మని ఫోను చేసినా. ఆయప్ప తీసుకోకుంటే ఆమెతో పాటు నేనూ గేటుకాడ కూర్చుంటా, పదింటికి వచ్చే బయ్యరు కారు ఆడ ఆగాల్సిందే, వాళ్ళ చేతికే ఇస్తా. నా పని పోవచ్చు. ఈయనది గూడా పోవచ్చు. అందరూ వినండని ఇప్పుడే చెప్తాండా."